కొంగు వెళ్ళాళులు: వారి చరిత్రము, ఆచారములు
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు మన కులచరిత్రమును గూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకులు తొలుత నన్ను కోరిరి. మన పూర్వులు ఏ రాజునొద్ద దండనాథులై యుండిరో, ఏ దుర్గమును గాచిరో ఏటేట మన సంచికలయందు చదువుచునే యున్నాము. ఆ కథలను నాకన్న ఇంపుగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే కూర్చుండియున్నారు. కావున నేడు మన పొరుగువారిని గూర్చి చెప్పుటకు అనుజ్ఞ వేడితిని. వారు దయతో నంగీకరించిరి.

మన తెలుగు రైతుకుటుంబములు విజయనగరరాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను ఈ కోయంబత్తూరు సీమకు వచ్చి, నల్లరేగడి భూములను సాగుచేసికొని, తరతరములుగా ఇచటనే కాపురమున్నవి. మన పొలముగట్టునకు ఆవలి పొలము గౌండర్లది. వాన కురిసిన ఇరువురి బావులును ఊరును. వాన తప్పిన ఇరువురి బావులును ఎండును. వారి పెండ్లికి మనము పోవుదుము. మన యింట కష్టము వచ్చిన వారు వత్తురు. అయినను, వారి యింట జరుగు తంతులకు అర్థమేమని మనలో నెందఱు విచారించిరి? అరటియాకు ముందు కూర్చుండి విందారగించి వచ్చితిమేగాని, పందిటిలో నేమి జరిగినదో చూడలేదు. అట్లు చూడనివారిలో నేనును ఒకడను. చాల కాలమునకు చూచితిని. చూచినది నాకు సిగ్గు గలిగించినది. ఆ సంగతి తుదిని మనవి చేసెదను.

మొదట దేశమును గూర్చి. కొంగునాడనగా నేటి కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, కరూరు, నామక్కల్లు, సేలము జిల్లాలును, పళని ప్రాంతమును చేరిన సీమ. పడమట గోడవలె కనుమలు నిలిచియున్నవి; వాని నడుమ పాలఘాటు సందు. నైరుతి మేఘములు తెచ్చు నీటిలో పెద్దపాలు ఆ కనుమలకే చెల్లిపోవును. కావేరి, భవాని, నొయ్యలు, అమరావతి అను నదులున్నను, వాని గట్టుల సమీపమున దప్ప తక్కిన దేశమంతయు మెట్టయే. తంజావూరి వెళ్ళాళుడు కావేరి నీటిని పొలములోనికి మళ్ళించుకొని పంట పండించెను. కొంగు వెళ్ళాళుడు బండ తొలిచి బావి త్రవ్వి, కపిలతో నీరు తోడి పంట పండించెను. కష్టముతో తెచ్చుకొన్న నీటికి లెక్కయెక్కువ. ఈ జాతి ఆచారములయందు కనుపించు లెక్కకు మూల మిదియేనని నా తలంపు.

వెళ్ళాళ శబ్దమునకు పండితులు పెక్కు వ్యుత్పత్తులు చెప్పుదురు. వెళ్ళమనగా ప్రవాహము, దాని నేలువాడు వెళ్ళాళుడని యొక మతము. అరవమున వేళాణ్మై యను వేఱొక పదము గలదు. నేడు దానికి వ్యవసాయమని యర్థము. తిరుక్కురళ్ నాటికి దానికి ఉపకారమనియు, అతిథిసత్కారమనియు అర్థము. సేద్యమునకును, ఒరులకు బెట్టుటకును ఒక్కటే మాట కలిగియుండుట గమనింపదగినది. గౌండరను బిరుదము కన్నడమందలి గౌడ శబ్దముతో సంబంధించినది. గ్రామమునకు పెద్దయని యర్థము. ఈ బిరుదము వెళ్ళాళులకే చెల్లినది గాదు. వేట్టువులు మొదలగు ఇతర కులములవారును దీనిని ధరింతురు.

రాజకీయచరిత్రమును క్లుప్తముగా చెప్పెదను. కొంగునాటిని చేరులు, గంగులు, చోళులు, కొంగుచోళులు, పాండ్యులు, హొయ్సలులు, విజయనగరాధీశులు, మధుర నాయకులు, మైసూరువారు వరుసగా నేలిరి. 1799 లో టిప్పుసుల్తాను కూలిన పిమ్మట ఇంగ్లీషువారి వశమైనది. ఇన్ని రాజ్యములు మారినను ఒకటి మాత్రము నిలిచియుండెను. అది నాడుల కట్టుబాటు. పూందుఱై, కాంగేయము, కాంజికోవిలు, ఆనమలై, రాశిపురము మొదలుగా ఇరువదినాలుగు నాడులని సంప్రదాయము. మనకు శతకములున్నట్లే ఆ సీమకును కొంగుమండల శతకమను గ్రంథము గలదు. దేశములోని దాతలను, వీరులను, క్షేత్రములను పద్యమున కొకటిగా అది కీర్తించును. నాడులకు పెద్దలుగా పట్టక్కారరులని పిలువబడు కుటుంబము లుండెను. ఈ కులమున 1756 లో పుట్టిన తీర్థగిరి, ధీరన్ చిన్నమలై యను పేరున ప్రసిద్ధుడై, టిప్పు పక్షమున ఇంగ్లీషువారితో పోరాడి, 1805 లో సంకగిరి దుర్గమున ఉరికంబ మెక్కెను. అతని పేరెఱుగని బిడ్డ నేటికిని కొంగునాట లేదు.

ఇక కులనిర్మాణము. మనకు ఇంటిపేరులును గోత్రములును ఉన్నట్లే వారికి కూటములు గలవు. ఆందై, శాత్తందై, పయిరన్, కాడై, తూరన్, శెంబన్, కణ్ణన్ మొదలుగా ఇవి పెక్కు. కాడై యనగా పూరేడుపిట్ట. ఒక కూటమువారందఱును అన్నదమ్ములే. వారిలో వారికి వివాహము కూడదు. అరవదేశమున గొప్ప విజ్ఞానసర్వస్వమునకు ప్రధానసంపాదకుడుగా నుండి పది సంపుటములు వెలువరించిన పెరియసామి తూరన్ గారిని మీరెఱుగుదురు. వారి కీర్తనలను మన పిల్లలును పాడుచున్నారు. తూరన్ అనునది వారు పెట్టుకొన్న కలముపేరని పలువు రనుకొందురు. అది వారి కూటము పేరు.

ఒక కూటమువారిని పంగాళులందురు. పంగు అనగా పాలు, వాటా. మన భాషలో పాలివాడు అనుమాట యిట్టిదే. రక్తసంబంధమును చెప్పుటకు మన రెండు భాషలును భూమిలోని పాలును ఆధారముగా గొన్నవి. నీతో పాలు పంచుకొనువాడెవడో వాడే నీవాడు. కూటమువా రొక్కొక్కరికి ఒక్కొక్క కాణి, అనగా అనుశ్రుతముగా వచ్చిన హక్కుగల స్థలము, దానియందు కులదైవమునకు గుడి. కాపురము నూఱుమైళ్ళ దూరమునకు మారినను, పుట్టువెండ్రుకలు తీయించుటకును, తొలి శుభలేఖ దైవము ముందు పెట్టుటకును ఆ గుడికే వత్తురు. కాణియాచ్చి యను ఆ యరవపదమే మన తెలుగున కాణాచి యైనది. మనము దానిని నేడు విద్యకు కాణాచి, కళలకు కాణాచియని అలంకారముగా వాడుకొనుచున్నాము. వారు మాత్రము ఆ మాటకు మన్నును, గుడిని, పాలివాండ్రను విడువక నిలుపుకొనిరి.

ఇప్పుడు ఈ కులచరిత్రమున మకుటాయమానమైన యొక కథ. భవానీనది కావేరిలో కలియు చోటికి కొంచెమెగువను, భవాని పట్టణమునొద్ద, ఒక ఆనకట్ట గలదు. దానినుండి బయలుదేరిన కాలువ కావేరికి ఇంచుమించు సమాంతరముగా సుమారు 90 కిలోమీటర్లు వంకరలు తిరుగుచు పోయి, కొడుముడి సమీపమున నొయ్యలునదిలో కలియును. పదునైదువేల యెకరములకు పైగా దానిక్రింద సాగగుచున్నది. పదమూడవ శతాబ్దమున ఈ కాలువను త్రవ్వించినవాడు కాళింగరాయన్. వెళ్ళోడు గ్రామపు శాత్తందై కూటమువాడు. పాండ్యరాజప్రతినిధియొద్ద అధికారియై యుండెను. నేలవాటమును కనిపెట్టి అంత దూరము కాలువను నడపుట ఆ దినములలో సామాన్యమైన పనిగాదు. కాలువ యెందుకిన్ని వంకరలు తిరిగినదని యడిగిన, ఒక పాము ముందు ప్రాకుచు త్రోవ చూపగా ఆ జాడనే త్రవ్విరని జనులు చెప్పుదురు. వాటము నెఱిగిన శిల్పియొక్క తెలివిని పల్లెవారు పాముగా చెప్పుకొనిరేమో!

అసలు కథ యిక్కడ నున్నది. పని సాగుచుండగా కొందఱు, "వీడు తన పొలములకు నీరు తెచ్చుకొనుటకే యింత పాటు పడుచున్నా"డని యాడిపోసికొనిరట. ఆ మాట చెవినిబడి కాళింగరాయడు ప్రతిజ్ఞ పట్టెను: తానుగాని తన సంతతివారుగాని ఆ కాలువ నీటిని ముట్టరు; ఆ నీటితో పంట పండించుకొనరు. పట్టి, పుట్టినయూరిని, కాణిని, పాలివాండ్రను విడిచి, పొల్లాచి దాపుననున్న ఊత్తుక్కుళికి తరలిపోయెనని సంప్రదాయము. ఆతని వంశీకులు అక్కడనే జమీందారులుగా నుండిరి. మహాజనులారా! కాలువలు త్రవ్వించిన రాజులు చరిత్రమున పెక్కుమంది. ఆ కాలువలో తనకు పాలు వలదని వెడలిపోయిన రైతు ఎక్కడనున్నాడు? కొంగువారు ఆతనిని నేటికిని తలచుట కాలువవలన మాత్రమేగాదు, ఆ యొట్టువలనను అని నా నిశ్చయము.

కాలువ గట్టువారి భాగ్యము అట్టిది. మెట్టవారి జీవనము వేఱు. కాంగేయము ప్రాంతమున కొఱంగాడులని పసులబీళ్ళు గలవు. సొంతభూమికి చుట్టును కిళువై ముళ్ళకంచె నాటి, లోపల కొళుక్కట్టైగడ్డిని, తెల్లతుమ్మచెట్లను పెరుగనిచ్చి, పసులను అందే విడిచెదరు. ముళ్ళకంచె కాపరియగును, చెట్టు నీడయు కాయయు నిచ్చును, పసులపెంట నేలకు ఎరువగును. అన్యులు బంజరని తలచు భూమిని ఈ విధముగా పంటభూమి చేసికొనిరి. కాంగేయపు దూడ ఎఱ్ఱగా పుట్టి, ఆఱుమాసములు నిండునాటికి బూడిదవన్నెకు మారును. ఆ యెద్దు పొట్టిది, గట్టిది. చాలీచాలని మేతతో కపిల నడచుటకు పుట్టినది. మన తాతలును ఆ యెద్దులనే కట్టిరి.

ఇక వివాహము. కొంగు వెళ్ళాళుల సంప్రదాయవివాహమున తంతు నడపువారు అరుమైక్కారరు, అరుమైక్కారి యనువారు. వీరు ఆ కులముననే దంపతులై, సంతానవంతులై, తగిన సంస్కారమును పొందిన పెద్దలు. వేదమంత్రమునకు మారుగా అచ్చట వినబడునది మంగళవాళ్తు. అది కంబరు రచించినదని వాడుక. పెండ్లిమాట మొదలుకొని పందిరి, తలంబ్రాలు, విందు వఱకు వివాహమంతయు అందు వర్ణింపబడును. దానిని పాడువా డెవడు? పట్టువస్త్రములు గట్టిన బంధువుగాడు, పండితుడునుగాడు. ఆ యూరి మంగలి. ఆతడు నిలిచి పాడుచుండగా పట్టక్కారరులైనను మాటలాడక వినవలెను. చాకలి నడచుటకు వస్త్రము పఱచును. కుమ్మరి చిత్రించిన కుండలు తెచ్చును. వడ్రంగి, వాయిద్యకాండ్రు తమతమ పనులు చేసి తమతమ మర్యాదలు గొందురు. వీరిలో నొకడు రాకపోయిన ఆ తంతు అంతటితో నిలిచిపోవలసినదే. భూమిగలవాని యింట శుభకార్యము, భూమిలేనివాని చేయి తగులక ముగియదని దీని భావము. వీరందఱికిని కళ్ళములో ఏటేట ధాన్యము కొలిచెడివారు. పందిటిలోని మర్యాదయు కళ్ళములోని కొలతయు ఒక్కదాని రెండు ముఖములు.

ఆ వివాహమున అన్నిటికన్న నన్నాకర్షించినది ఇణైచ్చీరు అను తంతు. ఇణై యనగా జత. సీరనగా ఆచారసిద్ధమైన మర్యాద. తాళి కట్టుటకు ముందుగానే పెండ్లికుమారుని ప్రక్కను అతని తోబుట్టువు జతగా నిలుచును. ఆమెకు సభలో గౌరవము జరుగును. పుట్టబోవు బిడ్డను నీ కొడుకున కిత్తునని అన్న చెల్లెలికి మాట యిచ్చుటయే దీని తాత్పర్యమని కొందఱు పెద్దలు చెప్పుదురు. క్రొత్తకోడలు వచ్చినను ఈ యింట నీ చోటు నీకుండునని చెప్పుట యని మఱికొందఱు. మనలోను ఆడబిడ్డ కట్నములున్నవి, మేనరికములున్నవి. భావము మనకు క్రొత్తదిగాదు. కాని, భార్య వచ్చుటకు ముందు చెల్లెలిని ప్రక్కను నిలుపుకొని పదుగురి యెదుట మాట యిచ్చుటయందున్న గాంభీర్యము వేఱు.

వారి వీరగాథయందును చెల్లెలే ప్రాణము. పొన్నరు, శంకరు అను అన్నదమ్ముల కథను అణ్ణన్మార్ కథయని ఉడుక్కై వాయించుచు రాత్రులతరబడి పాడుదురు. 1965 లో బ్రెండా బెక్ అను విదుషీమణి కొంగుపల్లెలో దీనిని పాడించి యంత్రమున గ్రహించి, పిమ్మట ప్రకటించినది. అన్నలు భూమికొఱకు పోరాడి పడిపోవుదురు. చెల్లెలు తంగాళ్ వారిని వెదకికొనుచు పోయి, తన తపోబలముచే క్షణకాలము బ్రదికించి మాటలాడించును. మణప్పారై దాపున వీరప్పూరియందు మాసిమాసపు ఉత్సవమున నేటికిని వేలకొలది జనము ఆ కథను తలచుకొని కన్నీరు విడుచును. అన్నలు భూమిని నిలిపిరి. అన్నలను నిలిపినది చెల్లెలు.

ఇంతవఱకు చెప్పినదంతయు పొగడ్తయే. పొగడ్తతో ముగించిన ఉపన్యాసము అరటియాకుమీది విందువంటిది. ఆకు మడిచిన పిమ్మట మిగులునది లేదు. పందిటిలో పాలు పొందినవారిని చెప్పితిని; పందిటి బయట నిలిచినవారి మాట చెప్పవలదా?

కపిలతో నీరు తోడుటకు తోలుబాన కావలెను. ఆ తోలును పదునుచేసి బానను కుట్టినవారు మాదారులు, నేడు అరుంధతీయులని పిలువబడువారు. వారే పణ్ణైయాళ్ళుగా, అనగా ఏటిజీతపు పాలేర్లుగా ఆ పొలములలో దున్నిరి, తోడిరి, కోసిరి. బండ తొలిచిన బావులలో దిగినవారు వారు. ఆ నీటిని త్రాగుటకు చేదతో తోడుకొనరానివారును వారే. గుడిలోనికి రానీయలేదు, వీథిలో చెప్పులతో నడువనీయలేదు. సభ్యులారా! కొంగునాటి అరుంధతీయులలో పెక్కురు ఇంట మాటలాడునది తెలుగు. మనము భాషాభిమానమును గూర్చి ఎన్ని తీర్మానములు చేయలేదు! ఆ భాషను మనతోబాటు ఈ సీమకు తెచ్చుకొని నిలుపుకొన్న వారిని ఏనాడైన ఈ సభకు పిలిచితిమా? గౌండర్ల బావులకే కాదు, మన బావులకును బానలు కుట్టినవారు వారే. 2009 లో తమిళనాడు ప్రభుత్వము వారికి నూటికి మూడు వంతుల ప్రత్యేక రక్షణ కల్పించినది. ప్రభుత్వము కొలిచినది అది. మనము కొలువవలసినది యింకను మిగిలియున్నది.

ఇటీవలి కాలమున ఈ కులము చాల వృద్ధి నొందినది. డాక్టరు పి. సుబ్బరాయన్ గారు 1926 మొదలు 1930 వఱకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిరి. సి. సుబ్రహ్మణ్యం గారు కేంద్రమున వ్యవసాయమంత్రియై, దేశము ఆహారమునకై చేయిచాచు దినములలో 1966 లో పదునెనిమిదివేల టన్నుల మెక్సికో గోధుమవిత్తనమును తెప్పించి, పంటల రూపమునే మార్చి, 1998 లో భారతరత్న బిరుదమును పొందిరి. 1930 తర్వాతి దినములలో పైకారా జలపాతపు విద్యుత్తు రాగా బావులకు యంత్రములు వచ్చినవి, కపిలలు మూలబడినవి. 1955 నాటికి భవానీసాగరము పూర్తియై రెండు లక్షల యెకరములకు నీరు చేరినది. ఆ విద్యుత్తు వెల పెరిగినప్పుడు గౌండర్లును మనవారును ఒక్కటిగా నిలిచిరి. మనలో పుట్టిన సి. నారాయణస్వామి నాయుడుగారు వారి కందఱికిని నాయకుడయ్యెను. 1970 లో పెరుమానల్లూరున రైతులు తుపాకికి బలియైరి. 1972 లో ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీథులను నింపివేసినవి. ఆనాడు ఆయన యింట ఏ భాష మాటలాడుదురని ఏ గౌండరును అడుగలేదు.

కాని వృద్ధితోడనే విస్మృతియు వచ్చినది. తిరుప్పూరున అద్దకపు పరిశ్రమలు పెరిగి, వాని మురుగు నొయ్యలునదిని చంపివేసినది. సేద్యమునకని కట్టిన ఒరత్తుప్పాళయము ఆనకట్టలో రంగునీరు నిలిచి, దిగువ పొలములు చవుడు బాఱినవి. తుదకు 2011 లో మద్రాసు హైకోర్టు శుద్ధిచేయని కర్మాగారములను మూయించవలసి వచ్చినది. ఆ కర్మాగారములయందు గౌండర్ల ధనమున్నది, మనవారి ధనమున్నది, ఇతరులదియు నున్నది. కాలువ తనకు వలదని వెడలినవాని కథను చెప్పుకొను దేశములో, దిగువవాని పాలు నీటిలో విషము కలిపినవార మైతిమి.

ఇప్పుడు ఆరంభమున చెప్పుదునన్న మాట. కొన్నియేండ్ల క్రిందట మా పొరుగు గౌండరుగారి కొమారుని పెండ్లికి పోతిని. ఆనాడు విందుకు పిలుపు రాక ఆలస్యమై, పందిటిలో కూర్చుండవలసి వచ్చినది. మంగలి పాడుచుండెను. పెండ్లికుమారుని చెల్లెలు ప్రక్కను వచ్చి నిలిచెను. ఇదేమని అడుగగా గౌండరుగారి తల్లి, "అన్నకు ఆలు వచ్చుచున్నది గదా, దానికి ముందే చెల్లెలి లెక్క చూడవలదా, నాయనా?" అని తన భాషలో చెప్పెను. ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొనినది. ఏలయన, మా తండ్రిగారు గతించిన తరువాత, నా చెల్లెలిచేత హక్కువిడుదల పత్రముపై చేవ్రాలు చేయించినవాడను నేనే. 1956 నాటి చట్టము తండ్రి పాలిలో కూతురికి పాలిచ్చియున్నది. ఆంధ్రదేశమున 1986 లోను, తమిళనాట 1989 లోను పిత్రార్జితమందు కొమారునితో సమముగా పాలిచ్చిరి. 2005 లో దేశమంతటికిని అది వచ్చినది. 1989 నాటికి పెండ్లియైన ఆడుబిడ్డలకు ఆ తమిళనాటి చట్టము వర్తింపదని నాకు తెలియును. ఆ సందును నేనుపయోగించుకొంటిని. తక్కిన కొంచెపు పాలును వదలుమని యడిగితిని. ఆమె పత్రమును చదువలేదు. "నీవు చెప్పితివిగదా, అన్నయ్యా!" అని చేవ్రాలు చేసి, పిల్లలకని తెచ్చిన మురుకులు నా చేతిలో పెట్టి బస్సెక్కి పోయినది. ఆ పత్రము చట్టమునకు నిలుచును. ఆ ముసలమ్మ మాటకు నిలువదు.

గౌండర్ల యిండ్లలో ఇట్టివి లేవని నేననను. పందిటిలో చెల్లెలిని ప్రక్కను నిలిపినవారే కార్యాలయమున ఆమెచేత చేవ్రాలు చేయించుచున్నారు. ఆడుబిడ్డ పుట్టుటయే బరువని తలచు రోగము ఈ సీమను పట్టినందుననే గదా, 1992 లో ప్రభుత్వము సేలమున ఉయ్యెలలు వ్రేలాడదీసి, వలదన్న శిశువుల నందు విడువుడని చెప్పవలసివచ్చినది! ఆ యవమానము ఒక్క కులముదిగాదు. ఈ సీమలో భూమిగల ప్రతి యింటివారమును దానిలో పాలివారమే. ఆచారమునందు పాటయు పందిరియు మిగిలి, పాలు పోయినది.

నేను చేసినది చెప్పి విరమించెదను. ఆ పెండ్లినుండి వచ్చిన యేడు, బావితో గూడిన తూర్పుచెక్క నా చెల్లెలి పేర వ్రాసి రిజిస్టరు చేయించితిని. నా కొమారులు మొదట మొగము ముడుచుకొనిరి. చెల్లెలు వలదని యేడ్చినది. పిమ్మట ఆ చెక్కలో కొబ్బరి నాటించినది. దీనిని గొప్పగా చెప్పుకొనుట లేదు. అప్పు తీర్చినవానిని దాత యనరు.

కావున ఈ మహాసభవారికి నా మనవి. వచ్చు సంచికయందు మన దండనాథుల పట్టికతోబాటు, ఆడుబిడ్డల పాలు వారికి వ్రాసియిచ్చిన యిండ్ల పట్టికయు ప్రకటింపుడు. విద్యార్థివేతనముల నిధిలో కొంత భాగము, మన బావులకు బానలు కుట్టినవారి మనుమల చదువునకై వేఱుచేయుడు. ఈ రెంటికిని పోషకులు సమ్మతించిన, మన పొరుగువారి చరిత్రమును విన్నందులకు ఫలము దక్కినదని సంతసింతును. గౌండరు సోదరులు కొందఱు ఈ సభకు విచ్చేసియున్నారు. వారి యాచారములను వివరించుటలో తప్పులున్న సైరింపగోరెదను.